దర్జీపిట్ట ఆకును కొయ్యకుండా ఎందుకు కుడుతుంది

ఒకప్పుడు, పిట్టల్లో ఎవరికీ కుట్టుపని తెలియని రోజుల్లో, బొటనవేలంత పిట్ట ఒకటి ఉండేది.

వీపు లేతాకుపచ్చ. నెత్తిన ఇటుకరంగు. తోక మాత్రం ఎప్పుడూ నిలువునా పైకి. ఆ తోకను చూసి అందరూ దానికి పొగరనుకునేవాళ్ళు. పొగరూ లేదు, ఏమీ లేదు. పాపం, దానికి ఎత్తిపెట్టుకోవడానికి ఉన్నది ఆ తోకొక్కటే.

ఎందుకంటే దానికి ఇల్లు లేదు.

కాకికి పుల్లల గూడుంది. వడ్రంగిపిట్టకు తొర్ర ఉంది. గిజిగాడి సంగతి సరేసరి, ఉయ్యాల కట్టుకుని ఊగుతాడు. ఈ పిట్ట మాత్రం వెడల్పాటి ఆకు కనబడితే చాలు, దాని మీదే గుడ్లు పెట్టేది. ఆకు మీద గుడ్డు ఎంతసేపు నిలుస్తుంది? అరచేతిలో గోళీ పెట్టుకుని పరిగెత్తి చూడండి, మీకే తెలుస్తుంది.

ఆ ఎండాకాలం మొదటిసారి మూడు గుడ్లు పెట్టింది. పడమటిగాలి వచ్చింది, ఆకు ఒరిగింది, మూడూ జారిపోయాయి. రెండోసారి ఇంకో మూడు పెట్టింది. అవీ అంతే.

దాని మొగుడు కొమ్మ చివర కూర్చుని, "ఆకును గట్టిగ పట్టుకోవే! గట్టిగ పట్టుకో!" అని అరిచేవాడు. సలహా ఇవ్వడానికి రెక్కలు కదపక్కర్లేదు కదా.

రోహిణికార్తె వచ్చింది. రాళ్ళు పగిలే ఎండ. పిట్ట పొట్ట మళ్ళీ బరువెక్కింది. ఇదే ఆఖరిసారి. మిరుగం, అదే మృగశిరకార్తె, వస్తే వానలు పడతాయి. తడిసిన గుడ్డు చల్లబడిపోతుంది, పిల్ల కాదు. ఈసారి కూడా పోతే ఈ ఏడు పిల్లల్లేనట్టే. పిట్టలకు మనలా బోలెడన్ని ఏళ్ళు ఉండవు, వచ్చే ఏడు చూద్దాంలే అనుకోవడానికి.

కాకి దగ్గరికి పోయి, "అక్కా, నీ గూట్లో ఓ మూలన చోటిస్తవా?" అని అడిగింది.

"అయ్యో, దానికేం చెల్లే! పెట్టు, పెట్టు. నేనే చూసుకుంట," అంది కాకి. అంటూనే ముక్కును కొమ్మకు అటూ ఇటూ రాసి పదును పెట్టుకుంది.

పిట్ట ఆ ముక్కు వంక చూసింది. "మళ్ళొస్తనక్కా," అని చెప్పి ఒక్క ఎగురు ఎగిరి గుట్ట కిందికి పోయింది.

గుట్ట కింద సాయవ్వ గుడిసె ఉంది. మోదుగాకులతో విస్తళ్ళు కుట్టి బతుకుతుంది సాయవ్వ. పెద్ద నోరు ఆమెది. వీధికుక్కలు కూడా ఆమె గుమ్మం ముందు గొంతు తగ్గించి మొరిగేవి. చెట్ల దగ్గర మాత్రం ఆమె పద్ధతి వేరు. మోదుగ దగ్గరికి పోగానే ముందు అరచెయ్యి మానుకు ఆనించి, "కోస్తున్ననే, కోపం చెయ్యకు," అని చెప్పేది. చిగుళ్ళ జోలికి పోయేది కాదు. ఒక కొమ్మను ఇవాళ కోస్తే నెలదాకా మళ్ళీ ముట్టేది కాదు.

ఇంకో అలవాటుంది. పొద్దున కుట్టిన తొలి విస్తరి అమ్మేది కాదు. అందులో పిడికెడు నూకలు పోసి గుడిసె ముందున్న మేడిచెట్టు మొదట్లో పెట్టేది. "చెట్టు ఆకిచ్చింది. చెట్టు మీద ఉన్నోళ్ళకు పెట్టకుంటే ఎట్ల?" అనేది. ఆకిచ్చింది మోదుగ కదా, మేడి కింద పెడతావేంటని ఎవరైనా అడిగితే, "చెట్లన్నీ చుట్టాలే, నీకేం నొప్పి?" అని కసురుకునేది.

పిచ్చుకలు ఆ నూకలు తినేవి. మన పిట్ట నూకలు తినదు. నూకల కోసం వచ్చే చీమల్ని తింటుంది. ఆ రోజు చీమల్ని కూడా తినకుండా ఊరికే కూర్చుంది.

సాయవ్వ నాలుగాకులు దగ్గర పెట్టి, సన్నని పుల్లలు గుచ్చి, చిటికెలో ఒక దొప్ప కుట్టింది. దాంట్లో అంబలి పోసుకుని తాగింది. ఒక్క చుక్క కింద పడలేదు.

పిట్ట మెడ చాచింది. "అవ్వా, అది కారదా?"

"కారితే నేను సాయవ్వనెట్లయితనే?"

"ఒరగదా?"

"చుట్టూ పుల్ల గుచ్చినంక ఎటు ఒరుగుతది?"

"నాకొక్కటి కుట్టిస్తవా?"

"నీకెందుకే? పెండ్లి భోజనాలు పెడుతున్నవా?"

పిట్ట మొత్తం చెప్పింది. మొదటి మూడు, తర్వాతి మూడు, ఇప్పుడు లోపల ఉన్నవి. సాయవ్వ చేతిలో పుల్ల చేతిలోనే ఉండిపోయింది. కాసేపటికి కళ్ళు తుడుచుకుని అరవడం మొదలుపెట్టింది. ఏడుపొస్తే అరవడం ఆమెకు అలవాటు.

"ఆరు పోయినంక వస్తవా? నా గుడిసె నీకు కనబడలేదా? రోజూ నా వాకిట్ల చీమలు మింగుతున్నవు గద! నోరు లేదా నీకు? కూసో ఆడ!"

ఉన్న ఆకుల్లో మెత్తనివి, మంచివి ఏరి చిన్న దొప్ప కుట్టింది సాయవ్వ. అంత చిన్న దొప్ప ఆమె ఎప్పుడూ కుట్టలేదు. మేడికొమ్మ పంగలో పెట్టి నారతో కట్టింది. పిట్ట దాంట్లో దిగి చుట్టూ తిరిగి చూసుకుంది. గోడలున్నాయి! నాలుగు వైపులా గోడలే!

మర్నాడు పొద్దున ఒక గుడ్డు పెట్టింది.

మధ్యాహ్నానికి ఎండ దంచింది. దొప్ప రంగు మారింది. అంచులు ముడుచుకున్నాయి. పిట్ట కదిలితే కరకరమంది. పచ్చటి చెట్టులో ఆ ఒక్కటీ గోధుమరంగులో, ఎవరో వేలు పెట్టి చూపించినట్టు కనబడింది. కాకి చూడనే చూసింది. వచ్చి చెట్టు కింద కూర్చుంది. తొందరేం పడలేదు.

సాయంత్రానికి పడమటిగాలి వచ్చింది. దొప్ప టప్పున పగిలింది. గుడ్డు కింద పడింది. తర్వాత ఏమైందో చెప్పను. కింద కాకి ఉందని చెప్పాను కదా.

సాయవ్వ చీపురు విసిరేసరికి కాకి ఎగిరిపోయింది. పగిలిన దొప్పను చేతిలోకి తీసుకుని సాయవ్వ చతికిలబడింది.

"నీ తప్పేం లేదవ్వా," అంది పిట్ట.

"నోర్ముయ్! తప్పు నాదే. నాది కాకపోతే ఎవరిది?" అంది సాయవ్వ. "మాది ఒక్క పూట పనే పిల్లా. తింటరు, మడుస్తరు, పారేస్తరు. రెండో పూటకు ఆకు ఏమైతదో నేనెన్నడన్న చూసిన్నా? నలభై ఏండ్ల సంది కుడుతున్న, ఒక్కనాడు చూడలే. పారేసేది చేసుడే నాకొచ్చు. ఉండేది చేసుడు రాదు."

పిట్ట మెల్లగా, "ఇంక రెండున్నయి అవ్వా," అంది. "ఒకటి రేపు పొద్దునే వస్తది. ఆపుకొనుడు నా చేతిల లేదు."

పొద్దు గుట్ట మీదికి వాలుతోంది. సాయవ్వ లేచి నిలబడి మేడిచెట్టు వంక చూసింది. చేతిలో ఎండిన ఆకు. పైన పచ్చటాకు. మళ్ళీ చేతిలోకి, మళ్ళీ పైకి.

"అదే ఎండ గదనే దానికి గూడా? అది ఎందుకు ఎండలే?"

"అది చెట్టు దగ్గర నీళ్ళు తాగుతది గదవ్వా," అంది పిట్ట.

ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. ఆకును కోస్తేనే కదా ఎండేది? కొయ్యకుండా కుడితే?

సాయవ్వ రోలు బోర్లించి దాని మీదికెక్కింది. ఒక మేడాకును అందుకుని, అంచులు దగ్గరకు లాగి, పుల్ల గుచ్చింది.

"అబ్బా!" అని అరిచింది మేడిచెట్టు.

సాయవ్వ రోలు మీదనుంచి పడబోయి కొమ్మ పట్టుకుని ఆగింది.

"ఏందిది సాయవ్వా?" అంది చెట్టు. "ఇస్తరికి పనికిరానని ఇన్నేండ్లు నా మానాన నేనున్న. మోదుగ అయిపోయింది, ఇప్పుడు నా మీద పడ్డవా? పుల్ల పెడితే ఆకు చీలిపోతది. ఇప్పటికే పురుగులతోని చస్తున్న. దిగు ముందు!"

సాయవ్వ దిగింది. దిగి, కొంగు నడుముకు దోపింది. అది చూసి చుట్టుపక్కల పిచ్చుకలన్నీ ఎగిరిపోయాయి.

"పురుగులతోని చస్తున్నవా? సచ్చినవా మరి? నిలబడే ఉన్నవు గద నిగనిగలాడుకుంట! నీ ఆకులు జల్లెడ కాకుండ కాసిందెవరు? పొద్దు పొడిచినకాడికెల్లి పొద్దు కూకేదాక నీ ఆకు ఆకు తిరిగి, అడుగున దాక్కున్న పురుగును గూడ ఏరి తిన్నదెవరు? ఈ బొటనవేలంత పిల్ల! ఒక్కనాడన్న దాని మొహం చూసినవా మేడన్నా? ఒక్క ఆకు అడిగితే అబ్బా అంటవు!"

చెట్టు మీద ఒక్క ఆకు కూడా కదల్లేదు.

పిట్టకు సిగ్గేసింది. "అట్ల అనకవ్వా. నేను చెట్టు కోసం తినలేదు. నాకు ఆకలైంది, తిన్న. పురుగులు దొరికింది ఈ ఆకుల మీదనే గద. రోజూ కడుపు నింపుకుని పోయిన గాని, నేను గూడ మేడన్నకు ఒక్కనాడు దండం పెట్టలేదు."

అని, రెండు రెక్కలూ ముడుచుకుని చెట్టుకు తల వంచింది. బుల్లి తల. ఇటుకరంగు నెత్తి కొమ్మకు తగిలింది.

మేడిచెట్టు గొంతు మారింది.

"నేనెప్పుడు ఎండ దిక్కే చూసుకుంట పెరిగిన. ఆకుల కింద ఎవరు తిరుగుతున్నరో చూసుకోలే. ఇంత చల్లగ ఎట్లున్ననా అని ఒక్కనాడు అనుకోలే." కింది కొమ్మను కాస్త వంచింది. "తూర్పు దిక్కు ఆకు చూడు బిడ్డా, పెద్దది. పొద్దటెండే తగులుతది. తీసుకో. కాని కొయ్యకు. చీల్చకు. నా నీళ్ళు దానికి అందాలె."

కుట్టేది ఎవరు? సాయవ్వ వేళ్ళు అంత సన్నని రెమ్మకు బరువు. ఆమె పుల్లలు పచ్చాకును చీలుస్తాయి.

"నువ్వే కుట్టుకోవాలె," అంది సాయవ్వ.

"నాకు సూది లేదు."

"మూతికి పెట్టుకుని తిరుగుతున్నవు గదనే, పిచ్చిదానా!"

పిట్ట తన ముక్కు వంక తనే చూసుకోబోయింది. కళ్ళు రెండూ ముక్కు మీద కలుసుకున్నాయి. నిజమే, సూదే!

"ముందు మడువు. నడిమి ఈనె విరగొద్దు," అని కింద నిలబడి చెప్పింది సాయవ్వ. "ఆఁ, గట్ల. ఇగ పొడువు. మరీ అంచుకు పోకు, చిరుగుతది. ఈ దిక్కు ఒకటి, దానికి ఎదురుంగ ఆ దిక్కు ఒకటి. మేడన్నా, నొప్పి అయితుందా?"

"చీమ కుట్టినంత. కానియ్యి," అంది చెట్టు.

రంధ్రాలు పడ్డాయి. మరి దారం? సాయవ్వకు దారంతో పనే లేదు, అన్నీ పుల్లలతోనే కుడుతుంది. అందరూ చుట్టూ చూస్తుండగా పడమటిగాలి మళ్ళీ వచ్చింది, దుమ్ము లేపుకుంటూ.

"ఆగు తమ్మీ!" అంది సాయవ్వ నడుము మీద చెయ్యి పెట్టుకుని. "ఏడు గుడ్లు పడగొట్టినవు. సిగ్గు లేదా?"

గాలి బిత్తరపోయింది. "నేను పడగొట్టలేదక్కా. నా తోవల నేను పోతున్న. మధ్యల ఏముందో నాకేం తెలుసు? నాకు కండ్లు లేవు."

"కండ్లు లేకుంటే బలమున్నది గద! ఏదన్న మంచిపనికి పనికొచ్చినవా ఎన్నడన్న?"

"ఎవరన్న చెప్తే గదక్కా," అంది గాలి చిన్నబుచ్చుకుని. "నన్ను చూస్తే తలుపులేసుకుంటరు. ఓ పని చెయ్యి తమ్మీ అని ఇప్పటిదాక ఒక్కరన్నరా?"

"అయితే నేనంటున్న," అంది సాయవ్వ. "గుట్ట మీద బూరుగుకాయలు పగిలినయి. పోయి ఇంత దూది పట్టుకరా తమ్మీ. మెల్లగ తే, చెదరగొట్టకు."

గాలి పోయింది. పోయిన గాలి ఇంత త్వరగా రావడం ఎవరూ చూడలేదు. తెల్లటి దూదిపింజలు ఒక్కొక్కటే తేలుతూ వచ్చి మేడికొమ్మల మీద వాలాయి. ఆకు ఒక్కటి కూడా అదరలేదు.

పిట్ట దూదిని ముక్కుతో లాగి పేనింది. ఒక రంధ్రంలోంచి దూర్చింది, ఎదుటి రంధ్రంలోంచి లాగింది. వదిలేస్తే జారిపోయింది. మళ్ళీ దూర్చింది. మళ్ళీ జారింది. పొద్దు గుట్టను తాకింది.

"ముడి వెయ్యవే!" అని అరిచాడు మొగుడు కొమ్మ చివరినుంచి.

"నువ్వొచ్చి వెయ్యి! లేకుంటే పోయి సాలీడు గూళ్ళన్న ఏరుకరా. ఉత్త అరుపులేనా?" అంది సాయవ్వ. పాపం, వెంటనే పోయాడు. అప్పటిదాకా అతనికీ ఎవరూ పని చెప్పలేదు మరి.

పిట్ట ముడి వెయ్యలేదు. దూది కొసను రంధ్రం బయటికి లాగి, ముక్కుతో పీకి పీకి ఉబ్బించింది. కొస గుండీలా లావైంది. ఇక లోపలికి జారలేదు! రెండంచులూ దగ్గరికొచ్చి నిలబడ్డాయి.

"ఇది నేను చెప్పలేదే!" అంది సాయవ్వ నోరు వెళ్ళబెట్టి.

"నీకు రాదు గదవ్వా," అంది పిట్ట.

సాయవ్వ గుట్ట ప్రతిధ్వనించేలా నవ్వింది. మాటకు మాట చెప్పేవాళ్ళంటే ఆమెకు ఇష్టం.

పొద్దు పూర్తిగా దిగేలోపల ఆకు సంచీలా అయింది. మొగుడు తెచ్చిన సాలీడు దారాలతో పిట్ట అంచులు బిగించింది, అడుగున దూది పరిచింది. తెల్లారి ఒక గుడ్డు పెట్టింది. ఆ మర్నాడు ఇంకొకటి. అవే ఆఖరివి.

కాకి రోజూ వచ్చేది. గోధుమరంగు కోసం వెతికేది. ఒకరోజు సరిగ్గా ఆ కొమ్మ మీదే కూర్చుంది. కిందున్న ఆకులోపల పిట్ట ఊపిరి బిగబట్టి, తోక మడుచుకుని పడుకుంది. కాకి అటు చూసింది, ఇటు చూసింది. "అన్నీ ఆకులే," అని గొణుక్కుని ఎగిరిపోయింది.

మిరుగం వచ్చింది. చీమలు గుడ్లు నోట కరుచుకుని గోడలెక్కాయి. ఒక మధ్యాహ్నం గుట్ట వెనక ఆకాశం నల్లబడింది. గాలి ముందుగా పరిగెత్తుకొచ్చింది.

"అక్కా, వాన నా వెనకాలే ఉన్నది! నేను ఆగలేను, నన్నే తోసుకొస్తున్నది. గట్టిగుండుమను!"

సాయవ్వ మేడిచెట్టు కిందికి ఉరికింది. చెట్టు ఊగింది. కొమ్మలు ఊగాయి. ఆ ఒక్క ఆకు గింగిరాలు తిరిగింది. పిట్ట రెక్కలు చాపి గుడ్లను కప్పుకుంది. సాయవ్వ కిందినుంచి చూస్తోంది, చెయ్యగలిగిందేమీ లేదు. మొదటిసారి ఆమెకు తిట్టడానికి ఎవరూ దొరకలేదు.

"పట్టుకో మేడన్నా," అంది, వానలో.

"పట్టుకున్ననవ్వా," అంది చెట్టు. ఆకు తొడిమ సన్నగా ఉంటుంది కాని పచ్చగా ఉన్న తొడిమ వంగుతుంది, విరగదు. వాన చినుకులు మడిచిన ఆకు వీపు మీద పడి, కొసదాకా జారి, కిందికి రాలిపోయాయి. దూది గుండీలు ఒక్కటి కూడా ఊడలేదు.

వాన వెలిసింది. సాయవ్వ నిలువెల్లా తడిసి, మెడ ఎత్తి అడిగింది. "ఏమే? ఉన్నయా?"

ఆకు అంచునుంచి ఇటుకరంగు నెత్తి బయటికొచ్చింది. "ఉన్నయవ్వా. వెచ్చగ ఉన్నయి."

కొన్నాళ్ళకు గుడ్లు రెండూ పగిలాయి. నోళ్ళు తప్ప ఇంకేమీ కనబడని పిల్లలు రెండు. పిట్ట వాటికి మొదటి పురుగును మేడాకు అడుగునుంచే తెచ్చి పెట్టింది. పెట్టే ముందు చెట్టుకు తల వంచింది. గాలి వస్తే గాలికి వంచింది. తర్వాత సాయవ్వ గుమ్మం ముందు వాలింది.

"అవ్వా..."

"నాకు చెప్పకు," అంది సాయవ్వ, చేతిలో పని ఆపకుండా. "నేను కుట్టింది ఒక్క పూటకు ఎండింది. నువ్వు కుట్టింది బతికున్నది. దండం పెట్టాల్సింది నేను." అని నిజంగానే చేతులు జోడించింది, వేళ్ళ మధ్య మోదుగాకు అలాగే ఉండగా.

అప్పటినుంచే ఆ పిట్టను మనం దర్జీపిట్ట అంటున్నాం. అప్పటినుంచే అది ఏ ఆకునూ కొయ్యదు. మేడి కానివ్వండి, జామ కానివ్వండి, పెరట్లో వంగమొక్క కానివ్వండి, ఆకును చెట్టున ఉన్నది ఉన్నట్టే ఉంచి, అంచులు దగ్గరకు లాగి, దూదితో కుడుతుంది. పిల్లలు పెరిగి ఎగిరిపోయాక కూడా ఆ ఆకు, ఒళ్ళంతా బుల్లి బుల్లి కుట్లతో, చెట్టు దగ్గర నీళ్ళు తాగుతూ పచ్చగానే ఉంటుంది.